పెట్టెలో కార్డులకే నా ఓటు

ముందే చెప్పేస్తాను. పిల్లలకి ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకోవడం నేర్పే పెట్టె ఇది. మాటల మూల ముక్కలు నేర్పే రూట్ కార్డులు, ప్యాసేజీల పుస్తకం, కథల వర్క్‌బుక్ అని ఇందులో మూడు భాగాలు. రూట్ కార్డుల కోసమైతే ఈ పెట్టె కొనొచ్చు. ప్యాసేజీల పుస్తకాన్ని వరస మార్చుకుని వాడితే పనికొస్తుంది. కథల వర్క్‌బుక్ లేకపోయినా ఎవరికీ లోటు రాదు. అయిదుకి మార్కులు వేయమంటే వరసగా నాలుగున్నర, మూడు, ఒకటిన్నర. ఆ ఒకటిన్నరలో అర ఎక్కడ సంపాదించుకుందో కింద చెప్తాను.

ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లల్ని చిన్న గుంపుగా కూర్చోబెట్టి ఇంగ్లిష్ చదివించడం నా పని. చదివించడం అంటే గొంతెత్తి అప్పజెప్పించుకోవడం కాదు, చదివింది బుర్రకెక్కిందో లేదో చూసుకోవడం. ఈ సెట్‌ని ఒక విద్యాసంవత్సరం పొడుగునా వాడాను. ప్రచురణ సంస్థ పేరు రాయడం లేదు. ఇవే మూడు భాగాలతో, ఇదే మూసలో, అట్ట మార్చి వేసేవాళ్ళు బోలెడంతమంది. మీ చేతికి ఎవరి పెట్టె వచ్చినా చూసుకోవలసినవి ఇవే.

తయారీ గురించి రెండు ముక్కలు. కార్డులు మందంగా ఉన్నాయి, ఏడాది నలిగినా మూలలు విరగలేదు. ప్యాసేజీల పుస్తకంలో ప్రతి అయిదో లైను పక్కన నంబరు వేశారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, "ఎక్కడుంది?" అని అడిగితే "పదిహేనో లైన్లో మిస్" అని పిల్లలు టక్కున చెప్పగలుగుతారు, మిగతావాళ్ళంతా అక్కడికే చూస్తారు. కథల పుస్తకం కాగితం మాత్రం పల్చన. పెన్సిల్‌తో ఒత్తి రాస్తే వెనక పేజీలో తేలుతుంది.

ఇక అసలు విషయం. ఏ ప్రశ్ననైనా నేను తూచేది ఒక్క రాయితోనే. జవాబు రాసే ముందు పిల్లల వేలు మళ్ళీ పేరా మీదకి వెళ్ళాలి, వెళ్ళినచోట కాసేపు ఆగాలి. అసలు వెళ్ళకపోతే అది జ్ఞాపకశక్తి పరీక్ష. వెళ్ళి, ఆగకుండా జవాబు లాక్కొచ్చేస్తే అది ఉత్త వెతుకులాట. రెండోది ఎంత మోసకారిదో ఈ వాక్యం చూడండి: "నిన్న గిమ్మడు గొంపరంలో మూడు లిసికెలను తుప్పించాడు." గిమ్మడు లిసికెలను ఎక్కడ తుప్పించాడు? గొంపరంలో. ఎన్ని? మూడు. ఎప్పుడు? నిన్న. అన్నీ రైటే. ఆ వాక్యానికి అర్థమే లేదు, నేనే అల్లాను. విభక్తులు తెలిస్తే చాలు, నూటికి నూరు మార్కులు. స్కూలు వర్క్‌బుక్కుల్లో సగం ప్రశ్నలు గిమ్మడి ప్రశ్నలే. మా పిల్లలకి ఇప్పుడు అదొక బిరుదు అయిపోయింది. ఏదైనా తేలిక ప్రశ్న కనిపిస్తే "గిమ్మడూ!" అని అరుస్తారు.

ఈ సెట్ ప్యాసేజీల్లో గిమ్మళ్ళు లేకపోలేదు. కానీ ప్రతి ప్రశ్న పక్కనా ఒక రంగు చుక్క ఉంది. జవాబు ఒకే వాక్యంలో దొరికేది, రెండు మూడు చోట్ల వెతికి కలుపుకోవలసింది, రచయిత చెప్పినదానికి మనకు తెలిసింది జోడించవలసింది, పూర్తిగా మన బుర్రలోంచి రావలసింది: ఇలా నాలుగు రంగులు. 1980ల్లో టాఫీ రఫాయెల్ అనే పరిశోధకురాలు చేసిన విభజన ఇది. దీన్ని ఉన్నదున్నట్టు తీసుకున్నారు, మంచి పని చేశారు. ప్రశ్న ఏ రకమో ముందే తెలిస్తే ఎక్కడ వెతకాలో, ఎక్కడ వెతకడం దండగో పిల్లలకి తెలుస్తుంది. కొన్నాళ్ళయ్యాక చుక్కల మీద స్టిక్కర్లు అంటించి, రంగేదో మీరే చెప్పండి అన్నాను. జవాబు కన్నా రంగు గురించే ఎక్కువ వాదించుకున్నారు. ఆ వాదన కోసం పేరాని మళ్ళీ మళ్ళీ చదివారు. నాకు కావలసింది అదే.

మంచి ప్రశ్నకి ఈ పుస్తకంలోదే ఒక ఉదాహరణ. ఆక్టోపస్ మీద ఒక ప్యాసేజీ ఉంది. దానికి మూడు గుండెలు. రెండు మొప్పలకి రక్తం తోస్తాయి, ఒకటి మిగతా ఒళ్ళంతటికీ. ఈదేటప్పుడు ఆ మూడోది ఆగిపోతుంది. ఈ ముక్కలు ప్యాసేజీలో వేరువేరు పేరాల్లో ఉన్నాయి. "ఎన్ని గుండెలు?" అన్నది గిమ్మడి ప్రశ్న. దాని కిందే, "ఈ జీవి ఈదడం కన్నా పాకడానికే ఎందుకు ఇష్టపడుతుంది?" అని ఉంది. జవాబు ఎక్కడా రాసి లేదు. రెండో పేరాని, నాలుగో పేరాని ముడివేస్తేనే అలసట సంగతి తేలుతుంది. మొదటి వారాల్లో నోరు విప్పని ఒక ఆరో తరగతి అమ్మాయి "అది ఈదితే ఒక గుండె డ్యూటీ దిగిపోతుంది కదా మిస్, పాకితే మూడూ పనిచేస్తాయి" అంది. ఇంతకన్నా బాగా నేనూ చెప్పలేను.

మరి మార్కులు మూడే ఎందుకు? ప్యాసేజీల వరస వల్ల. ఆక్టోపస్ తరవాత వంతెనలు, వంతెనల తరవాత ఒక క్రీడాకారిణి జీవితం, ఆ తరవాత అగ్నిపర్వతాలు. ప్రతి వారం కొత్త లోకం. "ముఖ్యాంశం గుర్తించడం", "ఊహించి చెప్పడం" అనే నైపుణ్యాలు విషయంతో సంబంధం లేకుండా గాలిలో తేలుతూ ఉంటాయని, వంతెన మీద నేర్చుకున్నది అగ్నిపర్వతానికి అతికించుకోవచ్చని ఈ పుస్తకం వేసినవాళ్ళ నమ్మకం. అది సగమే నిజం. 1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అనే పరిశోధకులు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు 64 మందిని తీసుకుని, ఒక బేస్‌బాల్ ఆట వర్ణన చదివించి, బొమ్మ మైదానం మీద చెక్క ఆటగాళ్ళని కదిపి ఆట నడిచిన తీరు చూపించమన్నారు. చదవడంలో వెనకబడినవాళ్ళే అయినా ఆట బాగా తెలిసిన పిల్లలు, బాగా చదివేవాళ్ళయినా ఆట తెలియని పిల్లల్ని దాటేశారు. విషయం తెలియకపోతే నైపుణ్యం ఎంతవరకు ఆదుకుంటుందో అక్కడ తేలిపోయింది.

అందుకని నేను పుస్తకం వరస పక్కన పెట్టేశాను. సముద్రానికి సంబంధించిన ప్యాసేజీలు మూడు వేరువేరు యూనిట్లలో దాక్కుని ఉంటే, మూడింటినీ ఒకేసారి చదివించాను. మూడోదానికి వచ్చేసరికి పిల్లలు ప్రశ్నల కన్నా ముందే మాట్లాడటం మొదలుపెట్టారు. మీరు కొంటే ముందు విషయసూచిక దగ్గర పెన్సిల్ పట్టుకుని కూర్చోండి, ఏది దేనితో జతపడుతుందో గీసుకోండి. ఆ పని ప్రచురణకర్తలు చేసి ఉండాల్సింది.

జవాబుల పేజీల సంగతి కూడా చెప్పాలి. ఒక కథా ప్యాసేజీలో ఒక ముసలావిడ రోజూ రాత్రి కిటికీలో దీపం పెడుతుంది. ఎందుకు? జవాబుల పేజీ ప్రకారం "చీకటంటే భయం". ఒక ఎనిమిదో తరగతి అబ్బాయి ఒప్పుకోలేదు. ఆవిడ బల్ల మీద రెండు కప్పులు పెడుతుందని పన్నెండో లైన్లో ఉంది, కాబట్టి ఎవరికోసమో ఎదురుచూస్తోంది అన్నాడు. భయానికి ఆధారమేదో చూపించమంటే ప్యాసేజీ మొత్తంలో ఒక్క మాట దొరకలేదు. పిల్లాడిదే రైటు. ఊహించి చెప్పే ప్రశ్నలకి ఒకే ఒక్క జవాబు అచ్చేసి, దాని పక్కన ఏ లైను ఆధారమో రాయకపోవడం పెద్ద లోపం. దాన్నే నమ్ముకుని దిద్దే అమ్మానాన్నలుంటే ఆ అబ్బాయికి సున్నా పడేది.

కథల వర్క్‌బుక్ దగ్గరకి వస్తే నాకు కొంచెం కోపం వస్తుంది. ప్రతి యూనిట్ ఒకటే తీరు: ఒక పెట్టెలో నిర్వచనం, పక్కన ఒక పేజీ కథ, కింద ఖాళీలు. ప్లాట్, సెట్టింగ్, పాత్రలు, సంఘర్షణ, ఇతివృత్తం, దృష్టికోణం. పిల్లలు కథ చదవరు, ఖాళీలు నింపుతారు. "సెట్టింగ్: అడవి, రాత్రి." సరే, అయితే? ఆ కథ పగలు జరిగి ఉంటే ఏం మారేది అని ఒక్కచోటైనా అడగలేదు. అలా అడిగినప్పుడే కదా సెట్టింగ్ కథలో ఏం పని చేస్తోందో తెలిసేది!

ప్లాట్‌కి ఆ కొండ బొమ్మ ఉండనే ఉంది: ఎక్కడం, శిఖరం, దిగడం. అది 1863లో గుస్తావ్ ఫ్రయ్‌టాగ్ అనే జర్మన్ రచయిత అయిదంకాల నాటకాల నిర్మాణం చెప్పడానికి ఇచ్చిన నమూనా. దాన్ని తెచ్చి ఒక పేజీ కథ మీద మూతలా బోర్లిస్తే అన్నిటికీ సరిపోతుందా? ఇందులోనే ఒక కథ గొడవ మధ్యలో మొదలై, గొడవ తీరకుండానే ఆగిపోతుంది. మంచి కథ. దాని కిందా అదే కొండ. "దిగడం ఎక్కడుంది మిస్?" అని పిల్లలు వెతికి వెతికి, చివరి వాక్యాన్ని అక్కడ కుక్కారు. కొండని అక్కడ మానేసి, కథలో ఎవరికి ఏం కావాలి, అడ్డేమిటి, ఆఖరికి ఏం మారింది అని మూడు ప్రశ్నలు అడిగాను. పని నడిచింది.

ఇతివృత్తం యూనిట్ ఇంకా అన్యాయం. నాలుగు ఆప్షన్లు: స్నేహం, ధైర్యం, కుటుంబం, ఆశ. ఒకదానికి టిక్ పెట్టాలి. స్నేహం అన్నది కథ దేని గురించో చెప్తుంది, అంతే. దాని గురించి కథ ఏమంటోందో చెప్పదు. ఒకే కథకి "స్నేహం" అని టిక్ పెట్టిన ఇద్దరు పిల్లల్ని పూర్తి వాక్యం రాయమన్నాను. ఒకరు "కష్టంలో నిలబడేవాడే స్నేహితుడు" అని, ఇంకొకరు "స్నేహితుల మధ్య కూడా అన్నీ చెప్పుకోకూడదు" అని రాశారు. రెండోది ఆ కథకి దగ్గర. టిక్కుల్లో ఆ తేడా ఎలా బయటపడుతుంది?

ఇప్పుడు ఆ అరమార్కు. దృష్టికోణం యూనిట్లో ఒక తమ్ముడు చెప్పే కథ ఉంది. తన డ్రాయింగ్ పుస్తకం అక్క కొట్టేసిందని వాడి గట్టి నమ్మకం. అక్క తలుపు వేసుకుంటుంది, వాడు రాగానే ఏదో దాచేస్తుంది, వాడి మొహం చూడకుండా మాట్లాడుతుంది. అన్నీ వాడి మాటల్లోనే. కథ కింద ఖాళీలు లేవు, ఒకే పని: అదే సాయంత్రాన్ని అక్క నోట రాయండి. నా గుంపులో ఒక అమ్మాయి, చినిగిపోయిన ఆ పుస్తకానికి అక్క కొత్త అట్ట కుడుతున్నట్టు రాసింది. "తలుపు వేసుకున్నది సూది పోతుందేమోనని" అని కూడా పెట్టింది. కథలో సూది లేదు గానీ, అక్క వేలికి కట్టు ఉందని తమ్ముడు ఒకచోట విసురుగా అంటాడు. ఆ ఒక్క మాటని పట్టుకుంది! కథ చెప్పేవాడికి అన్నీ తెలియవని, వాడు తనకు తెలియకుండానే మనకు ఆధారాలు చెప్పేస్తుంటాడని ఇంక వేరే పాఠం అక్కర్లేకపోయింది. ఈ యూనిట్ రాసినవాళ్ళకే మిగతావన్నీ ఇచ్చి ఉంటే ఎంత బాగుండేదో.

ఇక కార్డులు. ప్రిఫిక్సులు (మాట ముందు చేరే ముక్కలు), రూట్లు (మాటకి మూలమైన ముక్కలు), సఫిక్సులు (మాట చివర చేరే ముక్కలు) వేరువేరు రంగుల్లో. ముందువైపు రూటు, వెనక అర్థం, దాని కుటుంబంలోని మాటలు, మాటని విప్పి చూపే బొమ్మ. మొదటి నాలుగు కార్డులూ అన్, రి, ఇన్, డిస్. ఇది చూడగానే తెలిసినవాళ్ళు చేసిన పని అనిపించింది. స్కూలు పుస్తకాల ఇంగ్లిష్‌లో ప్రిఫిక్స్ ఉన్న మాటల్ని 1989లో లెక్కగట్టినప్పుడు ఈ నాలుగే 58 శాతం తేలాయి, ఒక్క అన్ 26 శాతం. అక్షరక్రమంలో మొదలుపెట్టే పుస్తకాలు పిల్లల చేత ముందు "ఆంబి", "ఆంటె" బట్టీ పట్టిస్తాయి. అవి మళ్ళీ ఎప్పుడు తగులుతాయో దేవుడికెరుక.

రూట్లలోనూ అంతే, ఎక్కువ మాటలు పుట్టించేవాటినే ముందు ఎంచుకున్నారు. స్పెక్ట్ అంటే చూడడం: ఇన్‌స్పెక్ట్, స్పెక్టేటర్, రెస్పెక్ట్. రప్ట్ అంటే పగలడం, తెగడం: ఇంటరప్ట్, ఎరప్ట్, బ్యాంక్‌రప్ట్. స్ట్రక్ట్ అంటే కట్టడం. పోర్ట్ అంటే మోయడం. నెల తిరక్కుండానే "ఇంటరప్ట్ అంటే మధ్యలో తెగ్గొట్టడమా, మరి మీరెందుకు నా మాట తెగ్గొట్టారు?" అని నన్నే పట్టుకున్నాడు ఒకడు.

తెలుగు పిల్లలకి ఈ కార్డులు ఇట్టే పట్టుబడతాయి, కారణం మన భాషలోనే ఉంది. ఆహారం, విహారం, సంహారం, పరిహారం, ప్రహారం బోర్డు మీద రాశాను. ధాతువు ఒక్కటే, ఉపసర్గ మారితే తినేది కాస్తా షికారు అవుతుంది, షికారు కాస్తా చంపడం అవుతుంది. పిల్లలు నోరెళ్ళబెట్టారు. తెలుగు క్లాసులో ఇవన్నీ విన్నారు, అది ఇంగ్లిష్‌కి పనికొస్తుందని ఎవరూ చెప్పలేదు. అలాగే ఇన్ అనేది ఇంపాసిబుల్‌లో ఇమ్, ఇల్లీగల్‌లో ఇల్, ఇర్రెగ్యులర్‌లో ఇర్ ఎందుకయిందో కార్డు ఒక పట్టిక ఇచ్చి ఊరుకుంది. జగత్ పక్కన నాథుడు వస్తే జగన్నాథుడు, సత్ పక్కన జనుడు వస్తే సజ్జనుడు అయినట్టే అన్నాను. పట్టిక ఎవరూ బట్టీ పట్టలేదు, పట్టాల్సిన పనీ రాలేదు.

మెచ్చుకోవలసింది ఇంకొకటి. కొన్ని కార్డుల మీద ఎర్ర త్రికోణం ఉంటుంది, జాగ్రత్త అని. పెడ్ అంటే లాటిన్‌లో పాదం: పెడల్, పెడెస్ట్రియన్. కానీ పీడియాట్రిక్స్‌లోది గ్రీకు నుంచి వచ్చిన వేరే ముక్క, దానర్థం పిల్లలు. చాలా సెట్లు రెండింటినీ కలిపేస్తాయి, ఇందులో విడదీశారు. అంకుల్‌లో ఉన్నది ప్రిఫిక్స్ అన్ కాదని, తీసేస్తే మిగిలిన దానికి అర్థం ఉండాలని ఒక పరీక్ష కూడా ఇచ్చారు. అన్నీ చేసి, అసలు ఉండవలసిన చోట త్రికోణం మరిచిపోయారు. ఇన్ కార్డు వెనక "కాదు, లేదు" అని ఒకే అర్థం ఉంది. ఇంకో ఇన్ ఉందిగా, లోపలికి అనే అర్థంలో? దాన్ని వదిలేశారు. ఇన్‌ఫ్లేమబుల్ అని డబ్బా మీద ఉంటే "మంట అంటుకోదు" అని ఒక పిల్లాడు ధీమాగా చెప్పాడు. దానర్థం సరిగ్గా తలకిందులు, తేలిగ్గా అంటుకుంటుందని. కార్డు మీద నేనే ఎర్ర పెన్నుతో త్రికోణం గీశాను. మీరూ గీయండి. నాలుగున్నర దగ్గర ఆగడానికి కారణం అదే.

పెట్టె మొత్తం మీద నా పెద్ద ఫిర్యాదు ఇది: మూడు భాగాలూ ఒకే పెట్టెలో ఉన్నా ఒకదాని మొహం ఒకటి చూడవు. ఆక్టోపస్ ప్యాసేజీ కింద కొత్త మాటల్లో క్రోమాటోఫోర్ ఉంది, రంగు మార్చే కణం అని అర్థం ఇచ్చారు. కార్డుల్లో క్రోమ్ ఉంది, రంగు. ఫోర్ ఉంది, మోసేది. రంగు మోసేది! మన భారం, భరించడం, వాళ్ళ ఫోర్, ట్రాన్స్‌ఫర్‌లోని ఫర్, అన్నీ ఒక్క కుదురువే. "కార్డు తీసి చూడండి" అని ప్యాసేజీ కింద ఒక్క లైను వేస్తే సరిపోయేది. వేయలేదు. పైగా ఆ కొత్త మాటల పెట్టె నిండా క్రోమాటోఫోర్ లాంటి సైన్సు మాటలే. ప్యాసేజీలో రిటెయిన్, సఫిషియెంట్, రిలక్టంట్ కూడా ఉన్నాయి, వాటిని పట్టించుకోలేదు. పిల్లలు రేపు సాంఘికశాస్త్రంలో, లెక్కల్లో, కథల్లో, అన్నిచోట్లా తగిలి పడేది వీటి మీదే. ఇసబెల్ బెక్ అనే పరిశోధకురాలు మాటల్ని మూడు అంతస్తులుగా విడగొట్టారు: రోజూ వాడేవి, ఇలా అన్ని సబ్జెక్టుల్లోనూ తగిలేవి, ఒక్క సబ్జెక్టుకే చెందినవి. నేర్పే శ్రమ ముందు ఈ మధ్య అంతస్తు మీద పెట్టమన్నారు. నేను ప్రతి ప్యాసేజీకీ ఆ మధ్య అంతస్తు మాటలు మూడు నాలుగు ఏరి, చదవకముందే చెప్పేదాన్ని.

టీచర్ గైడ్ గురించి పెద్దగా ఏమీ లేదు. ఊహించడం, ప్రశ్నించడం, అర్థంకానిది తేల్చుకోవడం, క్లుప్తంగా చెప్పడం అనే నాలుగు పనుల్ని పిల్లలకి వంతులవారీగా ఇచ్చే పద్ధతి, 1984లో పాలింక్సర్, బ్రౌన్ అనే పరిశోధకులు ఏడో తరగతి పిల్లలతో చేసి చూపించింది, ఒక పేజీలో ఉంది. ఆ పేజీ బాగుంది. మిగతాదంతా ఏ వారం ఏ పేజీ అన్న టైంటేబుల్.

ఎవరు కొనకూడదో చెప్పి ఆపుతాను. మీ పిల్లలు ఇంకా ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదువుతుంటే ఈ పెట్టె వద్దు. చదివి అర్థం చేసుకోవడం అంటే అక్షరాల్ని మాటలుగా విప్పుకోవడం, భాష అర్థం చేసుకోవడం, ఈ రెండింటి గుణకారమని గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో అన్నారు. గుణకారం కనుక ఒకటి సున్నా అయితే మొత్తం సున్నా. ఈ సెట్ రెండోదాని కోసమే, మొదటిది వచ్చేసిందని అనుకుని చేసింది. తడబడకుండా చదివేస్తూ, పుస్తకం మూశాక "ఏముంది అందులో?" అంటే బిక్కమొహం వేసే పిల్లలకైతే తీసుకోండి. కార్డులు విడిగా అమ్ముతున్నారేమో ముందు అడగండి. విడిగా దొరికితే అవే తీసుకుని, ప్యాసేజీలకి పిల్లల సైన్సు పుస్తకమే వాడుకోండి. పెట్టె మొత్తం కొనక తప్పకపోతే, కథల వర్క్‌బుక్‌లో తమ్ముడి కథ ఉన్న పేజీలు చింపి దాచుకోండి.